వార్తల్లో పదం: పర్మిట్

ఈస్టర్ దగ్గర పడితే జెరూసలేం వార్తల్లో ఈ మాట తప్పక వినిపిస్తుంది. వెస్ట్‌బ్యాంక్‌లోని పాలస్తీనా క్రైస్తవులు పండక్కి జెరూసలేం వెళ్లాలంటే ఇజ్రాయెల్ అధికారులు ఇచ్చే అనుమతి పత్రం చేతిలో ఉండాలి. అదే పర్మిట్. బేత్లెహేము నుంచి జెరూసలేం ఎంతో దూరం కాదు. మన పెదపాడు వాళ్లు ఏలూరు వెళ్లొచ్చినంత. కానీ మధ్యలో ఎత్తయిన గోడ, చెక్‌పోస్టు. ఒకే ఇంట్లో తల్లికి పర్మిట్ వచ్చి, తండ్రికి రాకపోవడమూ ఉంది. వచ్చినా, ఆ రోజు చెక్‌పోస్టు మూసేస్తే అది వట్టి కాగితమే. మట్టల ఆదివారం ఒలీవల కొండ మీది బేత్పగే నుంచి సాగే ఊరేగింపులో ఎక్కడెక్కడి విదేశీయులో నడుస్తారు. పక్క ఊరి వాళ్లు ఇంట్లో ఉండిపోతారు. ఇంతకంటే విడ్డూరం ఉందా?

మనవాళ్లకు ఈ పర్మిట్ అక్కర్లేదు. పాస్‌పోర్టు, వీసా ఉంటే సరి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2019లో జెరూసలేం యాత్ర సాయాన్ని, ఏడాదికి 3 లక్షల లోపు ఆదాయం ఉన్నవారికి 40 వేల నుంచి 60 వేల రూపాయలకు పెంచింది. మనకు అడ్డం వచ్చేది అక్కడి యుద్ధాలే. 2024 ఏప్రిల్‌లో ఇజ్రాయెల్ ప్రయాణాలు వద్దని విదేశాంగ శాఖ సూచించింది. అది సలహాయే, నిషేధం కాదు. అయినా విమానాలే రద్దయితే ఆ తేడా ఎవరికి కావాలి?