చెప్పకుండా ఆరిపోయిన దీపం

2013 అక్టోబరు 12వ తేదీ రాత్రి ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. అప్పుడు బరంపురంలోని మా ఇంట్లో రెండు టార్చిలైట్లు ఉన్నవి. ఒకటి నాన్నగారిది: ఇత్తడి గొట్టం, రెండు సెల్లులు, పాతకాలపు తీగబల్బు. రెండవది నాది. దానిలో నేనే ఎల్.ఇ.డి. దీపం అమర్చి, వోల్టేజిని అదుపులో ఉంచే చిన్న బిళ్ళ ఒకటి బిగించాను. సెల్లులు పాతబడుతున్నా వెలుగు తగ్గకపోవడమే దాని గొప్ప. ఇంటికి వచ్చిన వారందరికీ వెలిగించి చూపించేవాణ్ణి.

మూడవ రాత్రికి కూడా కరెంటు రాలేదు. నీళ్ళకోసం పెరటి నూతి దగ్గరకు బయలుదేరాము. నా దీపం పట్టపగలులా ఉన్నదని నాన్నగారు తమది ఇంట్లోనే వదిలి వచ్చారు. సగం దారిలో నా దీపం ఒక్కసారిగా ఆరిపోయింది. మినుకుమినుకుమనడం లేదు, ఎర్రబడడం లేదు. ఆ చీకట్లో ఆయన, పడివున్న కొబ్బరిమాను తట్టుకొని బోర్లాపడ్డారు. కుడి మణికట్టు విరిగింది. కట్టు కట్టించుకుంటూ ఆయన అన్నది ఒక్కటే: "నా లైటు పోయేముందు చెప్పి పోతుందిరా. నీది చెప్పలేదు."

ఆ మాట నన్ను చాలాకాలం వేధించింది. నిజానికి ఆ బిళ్ళలో దోషమేమీ లేదు. చెయ్యమన్న పని అది చక్కగానే చేసింది.

కొత్త సెల్లు వోల్టేజి 1.5, వాడేకొద్దీ అది 1 వోల్టు వరకూ, ఇంకా కిందికీ దిగుతుంది. తీగబల్బుకు వోల్టేజి పదోవంతు తగ్గితే వెలుగు దాదాపు మూడోవంతు తగ్గుతుంది. సెల్లు అలసట ఈనాటి బాధ కాదు. 1899లో అమెరికాలో డేవిడ్ మిసెల్ పేర ఈ దీపానికి పేటెంటు వచ్చినప్పుడు, సెల్లులు నిలకడగా వెలిగించలేక కాసేపు మెరిపించి ఆపవలసి వచ్చేదట. అందుకే అక్కడివారు దానిని ఫ్లాష్‌లైట్ అన్నారు.

తెల్లని ఎల్.ఇ.డి.కి సుమారు 3 వోల్టులు కావాలి. అంతకు కొద్దిగా తగ్గితే వెలుగు బాగా పడిపోతుంది; కొద్దిగా పెరిగితే కరెంటు మితిమీరి దీపం మాడిపోతుంది. అందుకని దానికి కాపలా అవసరం. నేను పెట్టిన బిళ్ళ వోల్టేజి పెంచే రకం. చిన్న తీగచుట్టలో కరెంటును సెకనుకు లక్షలసార్లు వదిలి, ఆపి, తక్కువ వోల్టేజిని ఎక్కువ చేస్తుంది. పెట్రోమాక్సు దీపం మందగించినప్పుడల్లా పక్కన ఒకరు కూర్చుని గాలి కొడుతున్నట్లన్నమాట. కిరసనాయిలు అయిపోతే ఎంత కొట్టినా ఏం లాభం?

ఇక లెక్క చూడండి. 1 వాటు దీపానికి, బిళ్ళలో వృథా అయ్యేది కూడా కలిపి, సెల్లులనుంచి 1.2 వాట్లు కావాలనుకుందాం. రెండు సెల్లులు కలిసి 3 వోల్టులు ఇస్తుంటే 0.4 ఆంపియరు చాలు. 2 వోల్టులకు దిగితే 0.6 ఆంపియరు లాగాలి. అనగా సెల్లు నీరసించేకొద్దీ దానిమీద బరువు పెరుగుతుంది. బరువు పెరిగితే వోల్టేజి ఇంకా దిగుతుంది, దిగితే ఇంకా లాగుతుంది. అందుకే చివర ఆ కుప్పకూలడం. మన కంటికి మాత్రం చివరి నిమిషం దాకా దీపం బ్రహ్మాండంగా ఉంటుంది.

ఇప్పుడు నేను వేరే పద్ధతి పట్టాను. మూడు సెల్లుల టార్చి, మళ్ళీ మళ్ళీ ఛార్జి చేసుకునే నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్లులు. ఒక్కొక్కటి 1.2 వోల్టుల చొప్పున మొత్తం 3.6. వీటిలో మరొక సుగుణం, వోల్టేజి చాలాసేపు నిలకడగా ఉంటుంది. లోపల 7135 అనే నంబరు గల చిప్పు ఉన్న బిళ్ళ. అది వోల్టేజి పెంచదు; కరెంటును 350 మిల్లీ ఆంపియర్ల దగ్గర పట్టి ఉంచుతుంది, మిగులు వోల్టేజిని వేడిగా వదిలేస్తుంది. ఆరోవంతు శక్తి ఇలా వృథా. లెక్కలరాయుళ్ళు నవ్వవచ్చు. కాని సెల్లులు దిగి మిగులు లేకుండా పోగానే ఆ బిళ్ళ చేతులెత్తేస్తుంది, వెలుగు మెల్లగా మందగిస్తుంది. నాకు కావలసింది అదే. 2000 మిల్లీ ఆంపియర్ గంటల సెల్లులతో అయిదు గంటల పైచిలుకు ఒకే వెలుగు, ఆ తరువాత హెచ్చరిక. మందగించగానే ఆపి ఛార్జి పెట్టాలి. పూర్తిగా పిండితే మూడింటిలో బలహీనమైన సెల్లు తలక్రిందులై చెడుతుంది.

వోల్టేజి పెంచే బిళ్ళే కావాలంటే, సెల్లు అడుగంటినప్పుడు వెలుగు తగ్గించి చూపే రకం అడిగి తీసుకోండి. అమర్చేటప్పుడు కూడికకూ తీసివేతకూ తేడా తప్పితే బిళ్ళ అప్పుడే పోతుంది. ఎల్.ఇ.డి. వెనుక అల్యూమినియం పలక, అది గొట్టానికి ఆనివుండడం తప్పనిసరి. లేకుంటే వేడికి దీపం త్వరగా చెడుతుంది. పాత సెల్లూ కొత్త సెల్లూ కలపవద్దు.

కొత్త టార్చి తయారుచేసి నాన్నగారి చేతికిచ్చాను. వెలిగించి బల్లమీద పెట్టి, చేతిగడియారం పక్కన ఉంచుకుని కూర్చున్నారు. అయిదు గంటల తరువాత నన్ను కేకవేసి పిలిచారు. "ఇదుగో, మందగిస్తున్నది" అన్నారు. ఇత్తడి టార్చిని మాత్రం ఆయన మేకునుంచి తియ్యనివ్వలేదు.