గృహదోషాలు – కారణాన్వేషణ

"ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అన్నారు మన పెద్దలు. ఇల్లు కట్టడంలోని కష్టం ఈ సామెతలో ఉన్నది కాని, కట్టిన ఇంటిలో కాపురముండేవారికి ఎదురయ్యే చిక్కుల ప్రసక్తి ఇందులో లేదు. గోడ పగులుతుంది. సున్నం పెచ్చులుగా రాలుతుంది. రాత్రివేళ కప్పు టపటపమంటుంది. ఒకే ఇంటిలో ముగ్గురు నడుము పట్టి మంచమెక్కుతారు. కారణం కంటికి కనిపించనప్పుడు ఒకరు వాస్తుదోషమంటారు, ఒకరు ఆసేబ్ అంటారు, మరొకరు బాణామతి అంటారు. తుదకు ఆ నింద కొత్తగా వచ్చిన కోడలిపైనో, దిక్కులేని పొరుగింటి ముసలమ్మపైనో పడుతుంది. అందుచేత గృహదోషాలకు కారణాలు వెదకడం మేస్త్రీల పని మాత్రమే కాదు, అది న్యాయానికి సంబంధించిన విషయం కూడా.

ముందుగా గోడలను చూద్దాం. నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాలలో ఎర్రని చెల్క నేలలు, నల్లని రేగడి నేలలు పక్కపక్కనే కనిపిస్తాయి. రేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోతుంది. దానిపై లోతులేని పునాదితో లేచిన గోడ ఏటేటా కదులుతూ, కిటికీ మూలలనుండి ఏటవాలుగా పగులుతుంది. గోడా కప్పూ కలిసేచోట అడ్డంగా వచ్చే పగులుకు సాధారణంగా ఎండకు కప్పు వ్యాకోచించడమే కారణం. వెంట్రుకవాసి పగుళ్ళు చాలావరకు పూత ఆరినప్పుడు వచ్చినవే. పగులు చివరలవద్ద పెన్సిలుతో గీత గీసి తేదీ వ్రాసి ఉంచితే, అది పెరుగుతున్నదో లేదో కొన్ని నెలలలో గోడే చెబుతుంది.

గోడకు తెల్లని ఉప్పు పట్టడం ఇంకొక దోషం. దీనినే ఉర్దూలో లోనా అంటారు. నేలలోని తడి గోడలోనికి ఎక్కుతూ లవణాలను వెంట తెస్తుంది. నీరు ఆవిరికాగా లవణం మిగిలి పూతను పొడిపొడి చేస్తుంది. తడి నేలనుండి మొదలై గజమెత్తులోపల ఆగితే అది భూమి తడి, పైనుండి దిగితే కప్పు కారుతున్నదని గ్రహించాలి. దానిపై సిమెంటు పూస్తే తడి బయటికి పోలేక మరింత పైకి ఎక్కుతుంది. పాత ఇండ్లలోని సున్నపుపూత గోడను ఊపిరి పీల్చుకోనిచ్చేది. ఇక రాత్రి చప్పుళ్ళ సంగతి. పగలంతా కాగిన రేకులూ బండలూ ప్రొద్దు గూకిన తరువాత చల్లబడి ముడుచుకుంటూ చేసే ధ్వనులే వీటిలో అనేకం.

అయితే మన ప్రాంతపు ఇండ్లను పట్టి పీడించిన అసలు దోషం గోడలలో లేదు, పెరటి బావిలో ఉన్నది. మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి, చండూరు ప్రాంతాలలో పిల్లల పండ్లపై గోధుమరంగు చారలు వచ్చేవి. నడివయస్సు రాకుండానే నడుము, మెడ బిగుసుకొనిపోయేవి. మోకాళ్ళు వంకర తిరిగేవి. విచిత్రమేమంటే, వేరొక ఊరినుండి వచ్చిన కోడలి పండ్లు తెల్లగా ఉంటే, ఆ ఇంట పుట్టిన ఆమె బిడ్డల పండ్లు గారపట్టినట్లుండేవి. శాపమని నమ్మడానికి ఇంతకంటె ఏమి కావాలి?

నిజానికి ఈ విచిత్రంలోనే సమాధానమున్నది. పండ్లు రూపుదిద్దుకునే పసితనంలో త్రాగిన నీరే వాటిపై చారలు వేస్తుంది. కోడలి బాల్యం వేరొక నీటిపై గడిచింది. మన నేల అడుగున ఉన్నది గ్రానైటు శిల. అందులోని కొన్ని ఖనిజాలలో ఫ్లోరిన్ ఉంటుంది. వానలు తక్కువైన ఈ మెట్టప్రాంతంలో నీరు చిరకాలం రాతిపగుళ్ళలో నిలిచి ఫ్లోరైడును కరిగించుకుంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. కాచినందువల్ల పోదు సరికదా, నీరు ఆవిరైనకొద్దీ మరింత చిక్కబడుతుంది. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది.

దక్షిణాదిని ఈ వ్యాధిని 1937లో నాటి నెల్లూరు జిల్లాలో వైద్యులు వర్ణించారు. నల్లగొండ రోగులను గురించి ఎ. హెచ్. సిద్దీఖీ వ్రాసిన వ్యాసం 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వెలువడింది. అదే సంవత్సరం డిసెంబరు 10న ఇదే జిల్లాలో నాగార్జునసాగర్‌కు పునాదిరాయి పడింది. 1973లో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు మోకాళ్ళ వంకరకూ ఈ నీటికీ ఉన్న సంబంధాన్ని ప్రకటించారు. నాగపూరులోని నీరీ సంస్థ రూపొందించిన శుద్ధి విధానానికి 'నల్లగొండ పద్ధతి' అని పేరు వచ్చింది. నీటిలో తగుపాళ్ళలో సున్నం, పటిక, బ్లీచింగ్ పౌడరు కలిపి చిలికితే, పటికనుండి ఏర్పడే తెట్టె ఫ్లోరైడును పట్టుకొని అడుగుకు దిగుతుంది. పైనున్న తేటనీటిని తీసుకోవాలి. ఇంటి బకెట్టులోనూ ఇది సాధ్యమే కాని, పటిక మోతాదు ఆ నీటి స్వభావాన్నిబట్టి మారుతుంది. పరీక్ష చేయించనిదే పాళ్ళు తేలవు.

చివరికి ఫలించినది నీటినే మార్చడం. 2016 ఆగస్టు 7న మిషన్ భగీరథ ప్రారంభమైన తరువాత నదీజలం గొట్టాలద్వారా ఈ గ్రామాలకు చేరింది. కాని వంగిన ఎముకలను ఏ నీరూ తిరిగి నిలబెట్టలేదు. శాస్త్రజ్ఞులు కారణం చెప్పిన నాటినుండి మంచినీరు గడపకు చేరేలోపల అరువది ఏండ్లు గడిచాయి. ఆ నడుమ పుట్టిన పిల్లలే అందుకు మూల్యం చెల్లించారు.

విద్యార్థి మిత్రులకు మా మనవి ఇదే. సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు దోషాన్ని చూసి భయపడక, ఎక్కడ, ఎప్పుడు, ఎవరికి అన్న మూడు ప్రశ్నలు వేసి జవాబులు వ్రాసుకోండి. ఒకేసారి పది మార్పులు చేయక, ఒక్కొక్కటిగా చేసి ఫలితం గమనించండి. త్రాగేది బోరునీరయితే ఒక శుభ్రమైన సీసాలో పట్టి, గ్రామీణ నీటి సరఫరా శాఖవారి ప్రయోగశాలలో పరీక్షకివ్వండి. ద్వారబంధం మార్చడానికి వేలు ఖర్చు చేయడానికి ముందు, ఒక మనిషిని వేలెత్తి చూపడానికి ముందు, ఈ పాటి శ్రమ చేయడం చదువుకున్నవారి విధి అని మేము భావిస్తున్నాము.