ఎదురు నడిచే కరెంటు

గాలివానకు చెట్టుకొమ్మ విరిగి కరెంటు తీగల మీద పడుతుంది. తీగలు ఒకదానికొకటి తగిలితే వాటిలో ప్రవాహం ఒక్కసారిగా ఎన్నో రెట్లు పెరుగుతుంది. సబ్‌స్టేషనులోని రిలే అనే పరికరం దీనిని కనిపెట్టి, బ్రేకరు చేత సరఫరాను ఆపిస్తుంది. ఇంట్లో ఫ్యూజు తీగ కరగడం కూడా ఇటువంటి రక్షణే.

కరెంటు ఒకే దిక్కు నుంచి వస్తుందన్న లెక్కతో పూర్వం ఈ ఏర్పాటు చేశారు. అది సబ్‌స్టేషను నుంచి 11,000 వోల్టులతో బయలుదేరి, వీధి ట్రాన్స్‌ఫార్మరు వద్ద తగ్గి, 230 వోల్టులతో ఇళ్లకు చేరుతుంది. కాలువ నీరు పల్లానికి పారినట్లు అది ఒకే వైపు సాగేది.

ఇప్పుడు ఇళ్ల కప్పుల మీద సౌరఫలకాలు వెలుస్తున్నాయి. కోటి ఇళ్లకు వీటిని అమర్చాలని 2024లో కేంద్ర ప్రభుత్వం ఒక పథకాన్ని ప్రారంభించింది. ఇంటి అవసరాలకు పోగా మిగిలిన కరెంటు లైనులోకి ఎదురు నడుస్తుంది. దీనివల్ల మేలుతోపాటు రెండు చిక్కులు కూడా వచ్చాయి.

మొదటిది: ప్రమాదం జరిగిన చోటికి రెండు వైపుల నుంచీ కరెంటు చేరుతుంది. సౌరవిద్యుత్తు ఎక్కువగా ఉన్న లైనులో సబ్‌స్టేషను వంతు తగ్గి, రిలే ఆలస్యంగా పనిచేయవచ్చు. ఇక సౌరఫలకాల ఇన్వర్టరు మామూలు కంటె కొద్దిపాటి ఎక్కువ ప్రవాహాన్నే ఇవ్వగలదు. దానికి ఫ్యూజు కరగకపోవచ్చు.

రెండవది ప్రాణానికి సంబంధించినది. సరఫరా ఆపిన తరువాత లైన్‌మన్ స్తంభం ఎక్కుతాడు. అప్పుడు ఏ ఇంటి నుంచైనా కరెంటు లైనులోకి వస్తే, ట్రాన్స్‌ఫార్మరు దానిని తిరిగి వేల వోల్టులకు పెంచుతుంది. ఆపిన తీగే అతని పాలిట మృత్యువవుతుంది.

అందుకే ఇన్వర్టరులో ఒక కాపలా ఉంచారు. అది లైనులోని వోల్టేజిని, సెకనుకు 50 ఆవృత్తుల లయను ఎడతెగక గమనిస్తుంది. సరఫరా ఆగినట్లు తెలియగానే 2 సెకన్ల లోపల ఇన్వర్టరును లైను నుంచి విడదీస్తుంది. బ్యాటరీ, దానికి తగిన ప్రత్యేక అమరిక లేని ఇంట్లో అప్పుడు ఎండ మండుతున్నా ఫ్యాను తిరగదు. అది పరికరం లోపం కాదు. స్తంభం మీది మనిషికి రక్షణ.

అయినా లైన్‌మన్ యంత్రాన్ని మాత్రమే నమ్ముకోడు. తీగలో కరెంటు లేదని పరీక్షించి, దానిని భూమికి కలిపి, ఆ తరువాతనే చేయి వేస్తాడు. కరెంటు ఎటు నుంచైనా రాగల ఈ కాలంలో ఆ జాగ్రత్త మరింత అవసరం.