కారకములు, కంప్యూటరు, మన పలుకు

కంప్యూటరు పరిశోధనశాలలో వ్యాకరణమునకు పనియేమున్నదని అడుగువారు మనలో పెక్కురు కలరు. తెలుగు బోధించు మాబోటివారిని చూచి, ఈ విద్య ఇక ఎవరికి పనికివచ్చునని జాలిపడువారును కలరు. ఉభయులకును సమాధానముగా హైదరాబాదునందలి ఒక పరిశోధనశాల వృత్తాంతమును ఇచట విన్నవించుచున్నాను.

ట్రిపుల్ ఐటీ అని జనులు పిలుచు విద్యాసంస్థ 1998లో హైదరాబాదున నెలకొన్నది. నేడది విశ్వవిద్యాలయ ప్రతిపత్తి గలది. 1999లో అందు భాషాసాంకేతిక పరిశోధన కేంద్రము ఏర్పడెను. దాని మూలములు అంతకు పూర్వమే కాన్పూరు ఐ.ఐ.టి.లో పడినవి. అచ్చట వినీత్ చైతన్య, రాజీవ్ సంగల్ మున్నగువారు 'అక్షర భారతి' అను ఉమ్మడి పేరున కృషిచేసి, మన దేశభాషలను యంత్రమునకు నేర్పుటకు పాణిని మార్గమే అనువైనదని వాదించిరి. ఈ వాదమును వివరించు వారి ఆంగ్లగ్రంథము 1995లో వెలువడినది.

పాణినియే ఎందుకు? ఆంగ్లమున పదముల వరుసయే అర్థమును నిలుపును. వరుస తప్పిన కర్త కర్మయగును. మనకట్లు కాదు. 'గురువు శిష్యునికి పుస్తకమిచ్చెను' అన్నను, 'పుస్తకము శిష్యునికి గురువిచ్చెను' అన్నను ఇచ్చినవాడు గురువే. అర్థమును మోయునది విభక్తి. కాని విభక్తిని చూచినంతమాత్రాన చాలదు. 'సీతకు పండిచ్చెను', 'ఊరికి వెళ్లెను', 'రామునికి ఆకలివేసెను' – మూడింటను ఉన్నది ఒకే విభక్తి. మొదటిది సంప్రదానము, రెండవది గమ్యము, మూడవది అనుభవించువాడు. ఈ భేదమును తెలుపునది క్రియ. అందుచే ఈ కేంద్రమువారు క్రియను నడుమ నిలిపి, దానితో ప్రతి పదమునకును గల సంబంధమును గుర్తించి, వాక్యములకు గుర్తులు వేయు పద్ధతిని ఏర్పరచిరి. కర్తకు ఒక గుర్తు, కర్మకు ఒక గుర్తు, అనుభవించువానికి వేరొక గుర్తు. ఇట్లు గుర్తులు వేసిన వాక్యముల భాండారమును చూచి యంత్రము క్రొత్త వాక్యమును విడదీయుట నేర్చును. గుర్తులు వేయువారు మనుష్యులే. భాష తెలియక ఆ పని సాగదు.

ఇది మనకు పరాయి విద్య కాదు. 1858లో వెలువడిన చిన్నయసూరి బాలవ్యాకరణమున కారక పరిచ్ఛేదమున్నది. సూరి మదరాసు ప్రెసిడెన్సీ కళాశాల పండితుడు. ఆయన పెరంబూదూరు నేడు తమిళనాడున ఉన్నది. మన పిల్లలు విసుగుతో వల్లించు పాఠమునకును హైదరాబాదు యంత్రపు పనికిని చుట్టరికము ఇంత దగ్గరది.

వీరి 'అనుసారక' అను యంత్రమును గూర్చి కొంత చెప్పవలెను. తెలుగు, కన్నడము మొదలగు భాషలనుండి హిందీకి మార్చుటకై అది తొలుత నిర్మింపబడినది. సొగసైన అనువాదము దాని ధ్యేయము కాదు. మూలమున ఉన్నది జారిపోరాదు, లేనిది చేరరాదు. ఫలితము ఎగుడుదిగుడుగా ఉన్నను చదువరి కొంత అభ్యాసముతో గ్రహించును. భారమును యంత్రమును మనిషియు పంచుకొందురు. నేటి యంత్రములు నున్నని వాక్యములు వ్రాసి, తప్పును సైతము నమ్మికతో పలుకుచుండుట చూడగా, ఆ వినయము నాకు మిక్కిలి గౌరవపాత్రముగా తోచుచున్నది.

2016 ప్రాంతమునుండి మార్గము మారినది. నియమములు వ్రాసియిచ్చుట తగ్గి, లక్షలకొలది వాక్యములను చూపి యంత్రముచేతనే నేర్పించుట ప్రబలినది. ఇక్కడనే మనకు చిక్కు. యంత్రమునకు దొరకు తెలుగు చాలవరకు పత్రికలది, అంతర్జాలముది. మా హోసూరు ప్రాంతపు బాలుడు 'వస్తా ఉండాడు' అనును. పత్రికల తెలుగుమాత్రమే తిన్న యంత్రము దానిని తప్పుగా వినును, లేదా 'వస్తున్నాడు' అని దిద్దును. షోలాపురపు నేతవారి తెలుగునకు, బరంపురపు తెలుగునకు, యానాం, బళ్లారి పలుకుబడులకు ఇదే గతి పట్టవచ్చును. బడిలో ఉపాధ్యాయుడు దిద్దిన, పిల్లవాడు ఇంటికిపోయి తన మాట తాను మాట్లాడుకొనును. జేబులోని యంత్రము దినమునకు నూరుమార్లు దిద్దిన ఏమగునో తలచిన నాకు భయము కలుగుచున్నది.

పరిశోధకులను నిందింపలేము, వారి ముంగిట చేరనిదానిని వారెట్లు నేర్పుదురు? చేర్చవలసినవారము మనము. అవ్వలు చెప్పు కథలు, మగ్గము వద్ద మాటలు, పెండ్లి పిలుపులు – వీనిని సెల్‌ఫోనుతో పట్టవచ్చును. పట్టుటకు ముందు మాట్లాడువారి అనుమతి పొందవలెను. చెప్పినవారి ఊరు, వయస్సు, ఇరుగుపొరుగు భాష తప్పక వ్రాయవలెను. ఇవి లేని ధ్వని పరిశోధకునకు సగమే ఉపయోగించును. పలికినది పలికినట్లే వ్రాయవలెను. ఉపాధ్యాయులకు ఇది కష్టము, మన చేయి ఊరకుండదు. 'ఉండాడు'ను 'ఉన్నాడు' చేసి పంపిన, పంపకుండుటయే మేలు.