జాక్సన్ కూల్చింది ఎవరి బ్యాంకును?

అపోహ: అమెరికా అధ్యక్షుడు ఆండ్రూ జాక్సన్ ఒక ప్రభుత్వ బ్యాంకును మూయించాడు.

వాస్తవం: ‘సెకండ్ బ్యాంక్ ఆఫ్ ది యునైటెడ్ స్టేట్స్’ అన్న పేరు చూస్తే ఎవరైనా అలాగే అనుకుంటారు. మూలధనం 3.5 కోట్ల డాలర్లు. అందులో ప్రభుత్వ వాటా ఐదో వంతే. 25 మంది డైరెక్టర్లలో అధ్యక్షుడు నియమించేది ఐదుగురినే. ఖజానా సొమ్ము మాత్రం అక్కడే ఉండేది, అదీ వడ్డీ లేకుండా. ఇక మూయించడం సంగతి: 1836లో ఫెడరల్ చార్టర్ (అనుమతి పత్రం) గడువు తీరాక అది పెన్సిల్వేనియా రాష్ట్ర చార్టర్‌తో నడిచి, 1841లో దివాలా తీసింది.

అపోహ: 1832లో కయ్యానికి కాలు దువ్వింది జాక్సనే.

వాస్తవం: 1829 నుంచే ఆయనకు ఆ బ్యాంకంటే గిట్టదు, నిజమే. కానీ చార్టర్‌కు ఇంకా నాలుగేళ్ల గడువు ఉండగానే పొడిగింపు బిల్లు తెచ్చింది అవతలి పక్షం. ఎన్నికల ఏడాదిలో వీటో చేస్తే జాక్సన్ ఓడిపోతాడని ప్రత్యర్థి హెన్రీ క్లే లెక్క. బ్యాంకు అధ్యక్షుడు నికొలస్ బిడిల్ ఆ లెక్కను నమ్మాడు. జులై 10న జాక్సన్ వీటో చేశాడు. బ్యాంకు చెల్లుతుందని 1819లోనే సుప్రీంకోర్టు తేల్చినా, రాజ్యాంగాన్ని తాను అర్థం చేసుకున్నట్టే నడుచుకుంటానన్నాడు. ఆ వీటో సందేశం చదివితే జనం జాక్సన్‌నే ఛీకొడతారనుకుని, బిడిల్ దాన్ని అచ్చువేయించి పంచిపెట్టాడు! ఎన్నికల్లో జాక్సన్‌కు 219 ఎలక్టోరల్ ఓట్లు, క్లేకు 49. బ్యాంకు సొంత రాష్ట్రం పెన్సిల్వేనియా కూడా జాక్సన్ వైపే నిలిచింది.

అపోహ: పేదలు గెలిచారు, బ్యాంకర్లు ఓడారు.

వాస్తవం: వీటోలో పేదల మాట గట్టిగానే ఉంది. కానీ ఖజానా సొమ్ము ఎటు వెళ్లిందో చూడండి. కొత్త రాబడిని రాష్ట్రాల చార్టర్‌తో నడిచే బ్యాంకుల్లో వేస్తూ, ఖర్చులకు పాత ఖాతా నుంచి తీస్తూ పోయారు. అందుకు ఒప్పుకోని ఆర్థిక మంత్రి విలియం డ్యువేన్‌ను 1833లో తీసేశారు. ఆ కుర్చీలోకి వచ్చిన రోజర్ టేనీకి సొమ్ము అందుకున్న బ్యాంకుల్లో ఒకటైన బాల్టిమోర్ యూనియన్ బ్యాంకులో వాటాలున్నాయి. దీన్ని పేదల గెలుపు అనడానికి నాకు నోరు రాదు.

అలాగని బిడిల్ అమాయకుడేమీ కాదు. కక్షకొద్దీ అప్పులు బిగించి వ్యాపారాల ఊపిరి ఆడకుండా చేశాడు. ఒక ప్రైవేటు వ్యక్తి గుప్పిట్లో ఇంత శక్తి ఉండకూడదన్న జాక్సన్ వాదనకు అంతకు మించిన సాక్ష్యం ఇంకెవరు ఇవ్వగలరు?

అపోహ: 1837 ఆర్థిక సంక్షోభం బ్యాంకు కూల్చినందుకు పడ్డ శిక్ష.

వాస్తవం: జాక్సన్‌కు అందులో వాటా ఉంది. ప్రభుత్వ భూములకు బంగారం, వెండి మాత్రమే తీసుకోవాలని 1836లో ఆయన ఇచ్చిన ఉత్తర్వు నోట్ల మీద నమ్మకాన్ని దెబ్బతీసింది. అయితే అదే ఏడాది లండన్‌లో బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ వడ్డీ పెంచింది. మరుసటి ఏడాది పత్తి ధర పడిపోయింది. ఆ రెండింటికీ జాక్సన్ వీటోతో సంబంధం లేదు.