అలంకారం ఆపద కారాదు

మీలాదున్నబీ జులూస్ కోసం కర్నూలు, కడప పట్టణాల్లో కార్లు, జీపులు పచ్చజెండాలతో, రంగుదీపాలతో ముస్తాబవుతాయి. ఈ ముచ్చటను మేము కాదనం. అయితే సోదరులకు మా మనవి: పూలదండలు ముందు అద్దాన్ని, జెండాలు హెడ్‌లైట్లను కప్పరాదు.

బండిపై ఇనుపగొట్టానికి జెండా కట్టి నిలబెడితే, వీధిలోని 11,000 వోల్టుల తీగ దగ్గరకు వచ్చినా ప్రాణాలకు ముప్పే. పొట్టి జెండాలే మేలు. 12 వోల్టుల బ్యాటరీ నుంచి దీపాలకు కనెక్షన్ ఇస్తే మధ్యలో ఫ్యూజు తప్పనిసరి. లేకుంటే షార్టయినప్పుడు తీగ కాలి మంటలు లేస్తాయి. నంద్యాల మీదుగా సాగే 40వ జాతీయ రహదారి ఎక్కేముందు దండలు విప్పేయాలి. గాలికి ఊడితే వెనుక వచ్చే మోటారుసైకిలు చక్రానికి చుట్టుకుంటాయి.

దారిలో హాని కలిగించే వస్తువును తొలగించడం ఈమాన్‌లో భాగమని దైవప్రవక్త (స) బోధించారు. ఆయన పేరిట తీసే జులూస్‌లో మన బండే ఆ హాని కారాదు.