చల్లగాలి గొట్టాలు: స్పోర్ట్స్ కారుకు ఏది మేలు, ఏది చేటు?

ముంబై మహానగరంలోని కామాఠీపుర పేరులోనే మన వారి చరిత్ర ఉన్నది. 18వ శతాబ్దం చివర నుండి నిజాం రాజ్యంలోని తెలుగు పల్లెలను విడిచి, కట్టడపు పనులకై బొంబాయి చేరిన కూలీలను అక్కడి వారు కామాఠీలు అన్నారు. వారు నివసించిన పేట కామాఠీపుర అయినది. లోకంలో ఆ పేటకు వేరొక పేరు పడినప్పటికీ, అక్కడి గల్లీలలోను, వర్లీ, ప్రభాదేవి ప్రాంతాల చాళ్లలోను తెలుగు మాట నేటికీ వినబడుతుంది.

తాతలు రాళ్లు మోశారు, తండ్రులు మిల్లులలో మగ్గాలు నడిపారు. మనుమలలో పలువురు నేడు కార్లు నడుపుతున్నారు, కడుగుతున్నారు, మెకానిక్ షెడ్లలో పని నేర్చుకుంటున్నారు. కామాఠీపుర నుండి నడిచిపోగల దూరంలోనే చోర్ బజారు ఉన్నది. పాత కార్ల సామానుకు కుర్లాలోని సి.ఎస్.టి. రోడ్డు ప్రసిద్ధి. ఈ బజార్లలో తిరిగే యువకులకు తరచుగా వినవచ్చే మాట “కోల్డ్ ఎయిర్ ఇన్‌టేక్”, అనగా చల్లగాలి గొట్టం. ఇది బిగిస్తే స్పోర్ట్స్ కారుకు బలం పెరుగుతుందని, ఈ పనిలో మంచి లాభమున్నదని చెబుతారు. సామాను కొనడానికి డబ్బు పంపమని ఊరికి కబురు వస్తుంది. ఆ డబ్బు పంపే ముందు ఈ వస్తువు ఏమిటో, ఏది ఎంత పని చేస్తుందో కుటుంబం తెలుసుకొనుట అవసరం.

గాలికి, బలానికి గల సంబంధం

కట్టెల పొయ్యిలో మంట మందగిస్తే ఊదుగొట్టంతో ఊదుతాము. కట్టె అదే అయినా గాలి తగిలిన కొద్దీ మంట లేస్తుంది. కారు ఇంజిన్‌లోనూ జరిగేది ఇదే. ఒక పాలు పెట్రోలు సరిగా మండడానికి బరువులో దాదాపు 14.7 పాళ్ల గాలి కావాలి. ఆ లెక్కన ఒక లీటరు పెట్రోలు మండడానికి సుమారు 9 వేల లీటర్ల గాలి లోపలికి పోవాలి.

గాలి వేడెక్కితే పలుచనవుతుంది. 30 డిగ్రీల గాలితో పోలిస్తే 60 డిగ్రీల గాలి అదే చోటులో దాదాపు 9 శాతం తక్కువ బరువు తూగుతుంది. అందులోని ప్రాణవాయువు కూడా ఆ మేరకు తక్కువే. కనుక ఇంజిన్ వేడి తగలని చోటు నుండి గాలిని తీసుకొంటే బలం కొంత పెరుగుతుంది. చల్లగాలి గొట్టాల వెనుక ఉన్న సూత్రం ఇంతే. సూత్రం నిజమైనదే. అయితే కంపెనీ వారు ఈ పనిని ముందే చేసి ఉన్నారా, లేదా అన్నది ప్రశ్న.

కంపెనీ పెట్టెలో ఏమున్నది?

నేటి కార్లలో చాలావాటికి గాలి మూతి ముందు జాలీ వెనుకనో, మడ్‌గార్డు పక్కనో ఉంటుంది. అంటే బయటి గాలినే తీసుకొంటుంది. ఆ గాలి మూసిన పెట్టెలోని కాగితపు ఫిల్టరు గుండా పోతుంది. చేట ధాన్యాన్ని, తాలును వేరు చేసినట్లు ఆ ఫిల్టరు గాలిని, దుమ్మును వేరు చేస్తుంది. దాని ఖరీదు సాధారణ కార్లకు కొన్ని వందల రూపాయలు మాత్రమే. కంపెనీ పెట్టె చెడ్డది, తీసివేయవలసినది అనే మాట చాలా కార్ల విషయంలో సరికాదు.

నాలుగు రకాల పోలిక

మొదటిది, పాత పెట్టెలోనే అమర్చే నూలు ఫిల్టరు. అమెరికాకు చెందిన కె అండ్ ఎన్ వంటి సంస్థలు వీటిని తయారు చేస్తున్నాయి. నూలు పొరలకు నూనె పట్టించి ఉంటుంది. మురికి పట్టినప్పుడు కడిగి, ఆరబెట్టి, మరల నూనె పట్టించి వాడవచ్చు. గాలికి అడ్డు కొంత తగ్గుతుంది గాని బలంలో మార్పు స్వల్పం. నూనె అతిగా పూస్తే, గాలిని కొలిచే సున్నితమైన సెన్సారు మీద పడి లెక్క తప్పించే ప్రమాదమున్నది. నూనె అవసరం లేని పొడి ఫిల్టర్లు కూడా దొరుకుతాయి.

రెండవది, పొట్టి గొట్టం. పెట్టెను తీసివేసి, బానెట్ కిందనే శంఖాకారపు ఫిల్టరును బహిరంగంగా బిగిస్తారు. చౌక, బిగించడం సులువు. గాలి పీల్చే శబ్దం గంభీరంగా వినబడుతుంది. ఆ శబ్దాన్ని విని బలం పెరిగినదని భ్రమించేవారు అనేకులు. కాని అది పీల్చేది ఇంజిన్ పక్కనున్న వేడి గాలిని. ముంబై ట్రాఫిక్‌లో కారు అంగుళం అంగుళం కదిలేటప్పుడు బానెట్ కింద వేడి మరింత పెరుగుతుంది. అప్పుడు కంపెనీ పెట్టె కంటె ఇదే తక్కువ బలమిచ్చే అవకాశమున్నది. పేరుకు చల్లగాలి గొట్టమని అమ్మినా, ఇది వేడిగాలి గొట్టమే.

మూడవది, పొడుగు గొట్టం. అసలైన చల్లగాలి గొట్టం ఇదే. ఫిల్టరును ఇంజిన్‌కు దూరంగా, బంపరు వెనుకనో, చక్రం దగ్గరి ఖాళీలోనో కింద అమరుస్తారు. చల్లని గాలి అందుతుంది. టర్బో లేని ఇంజిన్‌కు అధిక వేగంలో కొంత మేలు కనబడుతుంది. ఆ మేలు కూడా సాధారణంగా కొద్ది శాతానికి మించదు. దీని లోపం ఏమనగా, ఫిల్టరు నేలకు దగ్గరగా ఉంటుంది.

నాలుగవది, మూసిన పెట్టెతో వచ్చే గొట్టం. పెద్ద ఫిల్టరు, దాని చుట్టూ వేడి తగలని గోడ, బయటి గాలికి ప్రత్యేక దారి ఉంటాయి. నాలుగింటిలో ఇది శాస్త్రీయమైనది, ఖరీదు కూడా ఎక్కువ. 2016లో భారత మార్కెట్‌లోకి వచ్చిన ఫోర్డ్ మస్టాంగ్ జి.టి. వంటి 5 లీటర్ల పెద్ద ఇంజిన్లకు ఇటువంటిది తగును. టర్బో ఉన్న ఇంజిన్లలో నొక్కిన గాలిని ఇంటర్‌కూలర్ మరల చల్లబరుస్తుంది. కనుక అక్కడ గాలి అడ్డు లేకుండా రావడమే ఎక్కువ ముఖ్యం. పూర్తి ఫలితానికి ఇంజిన్ కంప్యూటర్‌ను కూడా సరిచేయవలసి రావచ్చు. ఆ ఖర్చును కూడా లెక్కలో వేసుకోవాలి.

వాన నీటి ప్రమాదం

2005 జులై 26న ముంబైలోని శాంతాక్రుజ్‌లో 24 గంటలలో 944 మిల్లీమీటర్ల వాన పడినది. పాలమూరు మెట్ట భూములలో సాధారణంగా ఏడాదంతా కురిసే వాన కంటె ఇది ఎక్కువ. అంతటి వాన అరుదు. కాని మోకాలి లోతు నీరు ముంబై పల్లపు వీధులకు ఏటా పరిచయమే. కామాఠీపుర పరిసరాలు పూర్వం చిత్తడి నేలలు.

పొడుగు గొట్టపు ఫిల్టరు నీటిలో మునిగితే ఇంజిన్ గాలికి బదులు నీటిని పీల్చుకొంటుంది. గాలి నొక్కుకొంటుంది, నీరు నొక్కుకోదు. పైకి వచ్చే పిస్టన్ నీటిని ఢీకొనగా కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది, ఒక్కొక్కసారి విరుగుతుంది. క్షణకాలంలో ఇంజిన్ పాడవుతుంది. అందువలన నీటిలో ఆగిపోయిన కారును మరల స్టార్ట్ చేయరాదు. తాళం తీసి, బయటికి తోయించి, మేస్త్రీకి చూపించాలి. ఈ ఒక్క సంగతి తెలిసిన డ్రైవరు యజమాని కారును, తన ఉద్యోగాన్ని కూడా కాపాడుకొంటాడు.

ఇటువంటి నష్టానికి సాధారణ బీమా పరిహారం చాలా సందర్భాలలో రాదు. ఇంజిన్ రక్షణ అనే అదనపు బీమా తీసుకోవలసి ఉంటుంది. అది ఉన్నా, కంపెనీ గొట్టాన్ని మార్చినట్లు కనబడితే చిక్కులు రావచ్చు. వారంటీ విషయమూ అంతే.

చట్టం ఏమంటున్నది?

మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ వాహనాన్ని తయారీదారు నిర్ణయించిన వివరాలకు విరుద్ధంగా మార్చరాదని చెబుతుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కేరళ కేసులో దీనినే స్పష్టం చేసినది. అదే ఏడాది చేసిన సవరణ ప్రకారం, అనుమతి లేని మార్పుకు యజమానికి ఆరు నెలల వరకు జైలు గాని, ఒక్కొక్క మార్పుకు 5 వేల రూపాయల జరిమానా గాని, రెండూ గాని విధించవచ్చు. పాత పెట్టెలో అదే కొలతతో ఫిల్టరు మార్చుట వేరు, పెట్టెనే తీసివేసి గొట్టం బిగించుట వేరు. రెండవ దానికి ముందు ఆర్.టి.ఓ. కార్యాలయంలో విచారించుట మంచిది. యజమాని అనుమతి లేకుండా డ్రైవరు గాని, షెడ్డు కుర్రవాడు గాని ఇటువంటి మార్పు ఎన్నడూ చేయరాదు.

ఏది ఎవరికి?

రోజూ నగరంలో తిరిగే కారుకు కంపెనీ పెట్టె, వేళకు మార్చిన కాగితపు ఫిల్టరు చాలును. దుమ్ము రోడ్లపై, ఉదాహరణకు మన ఊళ్లకు వచ్చిపోయే కార్లకు, పుస్తకంలో చెప్పిన గడువు కంటె ముందే మార్చాలి. ముచ్చటపడే యజమానికి పాత పెట్టెలో పట్టే నూలు ఫిల్టరు తక్కువ ప్రమాదకరం. పందెపు ట్రాకుపై నడిపే స్పోర్ట్స్ కారుకు మూసిన పెట్టె గొట్టం తగును. పొడుగు గొట్టం వానాకాలపు ముంబైకి తగదు. పొట్టి గొట్టం శబ్దానికే గాని బలానికి కాదు. ముంబై–పుణె ఎక్స్‌ప్రెస్ వే మీదనే కార్ల వేగ పరిమితి గంటకు 100 కిలోమీటర్లు. అక్కడ నాలుగైదు అశ్వశక్తులు పెరిగినా ఉపయోగించే చోటు లేదు.

ఏ గొట్టమైనా కొనే ముందు మూడు ప్రశ్నలు అడగాలి. ఈ కారు మోడలుకే తయారైనదా? దుమ్మును ఆపే శక్తిని ఐ.ఎస్.ఓ. 5011 ప్రమాణం ప్రకారం పరీక్షించారా? బలం పెరిగినట్లు డైనో యంత్రంపై ముందు, వెనుక కొలతలు చూపగలరా? బిగించిన కొన్ని వారాల తరువాత, ఇంజిన్ ఆపి, ఫిల్టరు దాటిన చోట గొట్టం లోపల తెల్లని గుడ్డతో తుడిచి చూడాలి. గుడ్డకు మట్టి అంటితే దుమ్ము ఇంజిన్‌లోకి పోతున్నదని అర్థం. అది సిలిండర్లను ఇసుక కాగితంలా అరగదీస్తుంది.

కనుక ముంబై నుండి పిల్లవాడు ఫోను చేసి ఈ సామానుకు డబ్బు కావాలని అడిగితే, వద్దని కసరవద్దు, వెంటనే అప్పు తెచ్చి పంపనూ వద్దు. “నాయనా, ఏ రకం గొట్టం? ఫిల్టరు ఎక్కడ ఉంటుంది? వాన నీరు వస్తే ఏమవుతుంది?” అని అడగండి. మూడింటికీ తడబడకుండా జవాబు చెప్పగలిగితే వాడు పని నేర్చుకొన్నట్లే. చెప్పలేకపోతే సామాను కొనడానికి ముందు మంచి మేస్త్రీ వద్ద మరికొంత కాలం పని నేర్చుకొమ్మని చెప్పండి.